చిన్నమ్మకు ఏ ల్యాప్‌టాప్ కొనాలి?

ఇంజినీరింగ్ చదివిన ప్రతి ఒక్కరికీ ఇంట్లో ఓ పార్ట్‌టైమ్ ఉద్యోగం ఉంటుంది. జీతం ఉండదు, సెలవులూ ఉండవు. బంధువుల్లో ఎవరి ప్రింటర్ ఆగినా, ఎవరింట్లో వైఫై రాకపోయినా ఫోన్ మనకే. మనం చదివింది సివిలా, మెకానికలా అన్నది ఎవరికీ పట్టదు. ‘బీటెక్ చేసిండు కదా, వాణ్ని అడుగు’ అంతే. ఈ ఉద్యోగంలో అన్నిటికన్నా ఎక్కువసార్లు ఎదురయ్యే ప్రశ్న ఒకటుంది: ‘తక్కువలో, చిన్నది, మంచి ల్యాప్‌టాప్ ఏదన్నా ఉంటే చెప్పరా.’

ఈ ప్రశ్నకు నేను చాలా మందికి జవాబు చెప్పాను. ఒకరికి మాత్రం ఘోరంగా తప్పు చెప్పాను. ఈ వ్యాసం ఆ తప్పు గురించే. ఎందుకంటే అదే తప్పు ఈ పేజీ చదివే చాలా మంది ఈ నెలలోనో, వచ్చే పండగ సేల్‌లోనో చేయబోతున్నారు.

మా చిన్నమ్మ వారాసిగూడలో ఉంటుంది. ఇంట్లోనే మిషన్ పెట్టుకుని జాకెట్లు కుడుతుంది. బస్తీ పొదుపు సంఘం లెక్కలు కూడా తనే రాస్తుంది. 2023లో చిట్టీ ఎత్తి, అందులోంచి పద్దెనిమిది వేలు పక్కన పెట్టి నాకు ఫోన్ చేసింది. చెల్లె డిగ్రీలో చేరింది, దాని చదువుకూ పనికిరావాలి, సంఘం లెక్కలకూ పనికిరావాలి, చిన్నది చాలు, బరువు ఉండొద్దు అంది. నేను ఆఫీసులో ఉన్నాను. రెండు మీటింగుల మధ్య ఫోన్‌లోనే వెతికి, సేల్‌లో కనిపించిన ఒక లింకు వాట్సాప్‌లో పంపాను. 11.6 అంగుళాల స్క్రీన్, కిలో పైచిలుకు బరువు, చూడ్డానికి ముచ్చటగా ఉంది. 4 జీబీ ర్యామ్, 64 జీబీ స్టోరేజీ. నేనైతే దాన్ని ఒక్క రోజు కూడా వాడను. ‘చిన్నమ్మకు ఇది చాల్లే’ అనుకున్నాను.

తర్వాతి ఏడాది ఉజ్జయినీ మహంకాళి బోనాలకు వాళ్లింటికి వెళ్లాను. ల్యాప్‌టాప్ బీరువాలో చీరల మధ్య ఉంది. మిగిలిన జాకెట్ గుడ్డతో దానికో కవరు కూడా కుట్టింది.

‘వాడట్లేదా చిన్నమ్మా?’ అని అడిగా.

‘నాకు రాదు బిడ్డా. ఏది నొక్కినా గుండ్రంగ తిరుగుతనే ఉంటది. ఏం తప్పు నొక్కుతున్ననో ఏమో. ఖరాబైతదని చెల్లెను గూడ ముట్టనిస్తలేను’ అంది.

తెరిచి చూశా. సీ డ్రైవ్ ఎర్రగా నిండిపోయి ఉంది. డబ్బా మీద 64 జీబీ అని ఉన్నా విండోస్‌లో కనిపించేది 60 లోపే. అందులో సగం విండోస్‌కే సరి. మిగిలిన దాంట్లో కంపెనీ వాళ్లు ముందే వేసిన సాఫ్ట్‌వేర్లు, ఆఫీస్, వాట్సాప్, సగం దిగి ఆగిపోయిన అప్‌డేట్. క్రోమ్‌లో రెండు ట్యాబులు తెరిస్తే మూడోది తెరుచుకోవడానికి నిమిషం. చిన్నమ్మ ఏ తప్పూ నొక్కలేదు. తప్పు ఆ మెషీన్‌ది, దాన్ని ఎంచిన నాది. నింద మాత్రం తన మీద వేసుకుని, ఏడాది పాటు ఎవరికీ చెప్పకుండా బీరువాలో దాచింది.

నాకు ఆ రోజు అర్థమైన సంగతి ఇది. మనలాంటి వాళ్ల చేతిలో మెషీన్ నెమ్మదిస్తే మెషీన్‌ను తిడతాం, రిటర్న్ గడువులోపు వెనక్కి పంపేస్తాం. టెక్నాలజీ పరిచయం లేని మనిషి చేతిలో అదే జరిగితే ‘నాకు రాదు’ అనుకుంటారు. ఇక జన్మలో దాని జోలికి పోరు. అంటే కంప్యూటర్ తెలియని వాళ్లకు కొనే ల్యాప్‌టాప్, మనకు కొనుక్కునే దానికన్నా నమ్మకంగా పనిచేయాలి. మనమేమో సరిగ్గా దీనికి రివర్స్‌లో ఆలోచిస్తాం. ‘వాళ్లకేం పని ఉంటుంది, ఏదో ఒకటి చాలు’ అంటాం.

చవక ఒక్కటే చూస్తే ఏమవుతుంది?

ఈ పొరపాటు మన ఇళ్లలోనే కాదు, పెద్ద స్థాయిలోనూ జరిగింది. 2011 అక్టోబరు 5న ఢిల్లీలో అప్పటి కేంద్ర మంత్రి కపిల్ సిబల్ ‘ఆకాశ్’ టాబ్లెట్‌ను విడుదల చేసిన సంగతి మనలో కొందరికి గుర్తుండే ఉంటుంది. డేటావిండ్ సంస్థ సరఫరా చేసిన ఆ టాబ్లెట్లు తయారైంది మన హైదరాబాద్‌లోనే. ప్రభుత్వానికి ఒక్కోటి 2,276 రూపాయలు పడింది. ప్రపంచంలోనే అత్యంత చవకైన టాబ్లెట్ అని దేశదేశాల పేపర్లు రాశాయి. లోపల ఉన్నది 366 మెగాహెర్ట్జ్ ప్రాసెసర్, 256 ఎంబీ ర్యామ్, వేలితో గట్టిగా నొక్కితే తప్ప పలకని రెసిస్టివ్ టచ్ స్క్రీన్. నెమ్మది, స్క్రీన్, బ్యాటరీ... మూడింటి మీదా విమర్శలొచ్చాయి. మరుసటి ఏడాది మెరుగైన ప్రాసెసర్, మెరుగైన స్క్రీన్‌తో ఆకాశ్-2 తేవాల్సి వచ్చింది. ధర ఎంత తగ్గించొచ్చు అన్న ప్రశ్నతో మొదలుపెట్టారు. దాని మీద విద్యార్థి గంటసేపు కూర్చుని పని చేయగలడా అన్నది వెనకబడింది.

అంతకుముందు 2007లో తైవాన్ కంపెనీ ఏసుస్ ‘ఈ పీసీ’ అనే బుల్లి ల్యాప్‌టాప్ తెచ్చింది. 7 అంగుళాల స్క్రీన్, 4 జీబీ స్టోరేజీ, కిలో లోపు బరువు. ప్రపంచమంతా ‘నెట్‌బుక్’ల మోజులో పడింది. దాదాపు ప్రతి కంపెనీ ఒకటి చేసింది. 2013 నాటికి ఆ మోజు ముగిసింది. ఒకవైపు ఐప్యాడ్‌లాంటివి వచ్చాయి. మరోవైపు చిన్న కీబోర్డు మీద వేళ్లు ఇరుక్కుని, చిన్న స్క్రీన్ మీద కళ్లు లాగి జనం విసిగిపోయారు. ‘చిన్నది’ అనే మాటకు కూడా ఒక హద్దు ఉంటుందని అప్పుడు తేలింది.

ముందు కొలత తీసుకోండి

చిన్నమ్మ ఏనాడూ కొలత తీసుకోకుండా జాకెట్ కుట్టలేదు. నేను మాత్రం కొలత అడక్కుండా ల్యాప్‌టాప్ చెప్పేశాను. ఇప్పుడు ఎవరడిగినా ముందు నాలుగు ప్రశ్నలు వేస్తున్నాను.

ఒకటి, దీంతో ఏం పనులు చేస్తారు? ‘నెట్ చూసుకోవడానికి’ అంటే కుదరదు. ఒక మామూలు వారంలో ఏమేం చేస్తారో చెప్పమనండి. యూట్యూబ్, వాట్సాప్, వీడియో కాల్ అంతే అన్నారనుకోండి, ల్యాప్‌టాప్ అక్కర్లేదని నిజాయితీగా చెప్పండి. ఉన్న ఫోనో, కాస్త పెద్ద టాబ్లెటో చాలు. ఆ డబ్బు ఇంకో అవసరానికి పనికొస్తుంది. దరఖాస్తులు నింపడం, లెక్కలు రాయడం, టైపింగ్, ఆన్‌లైన్ కోర్సు, మాక్ టెస్టులు ఉంటే ల్యాప్‌టాప్ కావాలి.

రెండు, తప్పనిసరిగా నడవాల్సిన సాఫ్ట్‌వేర్ ఏదైనా ఉందా? బీకాం విద్యార్థికి టాలీ కావాలి. అది విండోస్ మీదే నడుస్తుంది. ఈ ఒక్క జవాబుతో సగం మోడళ్లు పక్కకు పోతాయి.

మూడు, ఎక్కడ పెట్టుకుని వాడతారు? రోజూ బస్సులో కాలేజీకి మోసుకెళ్తారా, మంచం మీద పెట్టుకుంటారా, కరెంటు పోయినప్పుడు నడవాలా? బరువు, బ్యాటరీ ఎంత ముఖ్యమో దీంతో తెలుస్తుంది.

నాలుగు, ఆగిపోతే ఎవరు చూస్తారు? దగ్గర్లో మీరుంటే ఒక లెక్క. మీరు బెంగళూరులోనో, డాలస్‌లోనో ఉంటే ఇంకో లెక్క. ఊళ్లో సర్వీస్ సెంటర్ ఉన్న కంపెనీనే తీసుకోవాలి.

ఎక్కడ తగ్గొచ్చు, ఎక్కడ తగ్గకూడదు?

తక్కువ బడ్జెట్‌లో అన్నీ రావు. అందుకే ఎక్కడ రాజీపడొచ్చో తెలియాలి.

ర్యామ్ 8 జీబీకి తగ్గొద్దు. విండోస్ 11కు మైక్రోసాఫ్ట్ చెప్పే కనీస అర్హత 4 జీబీ ర్యామ్, 64 జీబీ స్టోరేజీ. అది మెషీన్ ఆన్ కావడానికి సరిపోయే లెక్క, పని చేసుకోవడానికి సరిపోయేది కాదు. చాలా చిన్న ల్యాప్‌టాపుల్లో ర్యామ్‌ను బోర్డు మీదే అతికించేస్తారు. తర్వాత పెంచుకుందాం అంటే కుదరదు. కొనే ముందే అడగండి.

స్టోరేజీలో అంకె కంటే రకం ముఖ్యం. ‘ఈఎంఎంసీ’ అని రాసి ఉంటే అది చవక ఫోన్లలో వాడే రకం నిల్వ. బోర్డుకు అతికించి ఉంటుంది, నెమ్మదిగా ఉంటుంది, మార్చలేం. ‘ఎస్ఎస్‌డీ’ అని ఉండాలి. 256 జీబీ ఎస్ఎస్‌డీ మామూలు ఇంటికి ధారాళంగా సరిపోతుంది. ‘1 టీబీ హార్డ్ డిస్క్’ అనే పెద్ద అంకె చూసి పడిపోకండి. పాత రకం హార్డ్ డిస్క్ ఉన్న మెషీన్‌లో విండోస్ తెరుచుకునేలోపు చాయ్ తాగి రావచ్చు.

ప్రాసెసర్ విషయంలో పేరుకు మోసపోవద్దు. ‘ఐ7’ స్టిక్కర్ ఉన్న 2011 నాటి మెషీన్ ఇప్పటి అవసరాలకు పనికిరాకపోవచ్చు. పాత ఇంటెల్ పేర్లలో గీత తర్వాత వచ్చే మొదటి అంకె చూడండి. ఐ5-6300యూ అంటే ఆరో తరం, ఐ5-8350యూ అంటే ఎనిమిదో తరం. కొత్త చవక మోడళ్లలో రెండే కోర్లున్న సెలెరాన్ ఎన్4020 లాంటివి ఇప్పటికీ కనిపిస్తుంటాయి. వాటిని వదిలేయండి. 2023లో వచ్చిన ఎన్100లో నాలుగు కోర్లున్నాయి. చదువుకు, లెక్కలకు అది సరిపోతుంది. ఐ3 దొరికితే ఇంకా మంచిది.

స్క్రీన్ 13, 14 అంగుళాలైతే మంచిది. బరువు కిలోన్నర లోపు ఉంటుంది, కీబోర్డు మామూలు సైజులో వస్తుంది. నలభై దాటిన కళ్లకు 11 అంగుళాలు శిక్షే. 1920×1080 రిజల్యూషన్ ఉంటే అక్షరాలను పెద్దవి చేసినా మసకబారవు.

ఇక తగ్గాల్సిన చోట్లు: గ్రాఫిక్స్ కార్డు, టచ్ స్క్రీన్, మెటల్ బాడీ, కీబోర్డులో లైటు, 16 జీబీ ర్యామ్, వేలిముద్ర సెన్సర్. ఉంటే బాగానే ఉంటాయి, లేకపోతే చిన్నమ్మకు ఏ నష్టమూ లేదు. ‘రేపు అవసరమైతే’ అని ఈరోజే డబుల్ ధర పెట్టించడం కూడా తప్పుడు సలహానే. అది మన సరదా, వాళ్ల జేబు.

ఇంకో మూడు చిన్న అక్షరాలు చదవండి. ‘డాస్’ అని ఉంటే అందులో విండోస్ రాదు, విడిగా కొనాలి. ‘ఎస్ మోడ్’ అని ఉంటే మైక్రోసాఫ్ట్ స్టోర్‌లోని యాప్‌లే ఎక్కుతాయి. ఉచితంగానే దాని నుంచి బయటికి రావచ్చు గానీ వెనక్కి వెళ్లలేం. ఆఫీస్ సాఫ్ట్‌వేర్ జీవితకాలానికా, ఏడాదికా అన్నది కూడా చూడండి. ఏడాదికే అయితే తర్వాత డబ్బు కట్టమంటుంది. లిబ్రెఆఫీస్, గూగుల్ డాక్స్ ఉచితమే, ఇంటి పనికి అవి సరిపోతాయి.

మరి క్రోమ్‌బుక్, జియోబుక్ సంగతి?

పని మొత్తం బ్రౌజర్‌లోనే అయితే క్రోమ్‌బుక్ మంచి ఎంపిక. త్వరగా తెరుచుకుంటుంది, వైరస్ గొడవ తక్కువ, పాడైతే మళ్లీ సెట్ చేయడం తేలిక. 2021 నుంచి వచ్చిన మోడళ్లకు పదేళ్లు అప్‌డేట్‌లు ఇస్తామని గూగుల్ 2023లో ప్రకటించింది. అయితే ఆ పదేళ్లు మనం కొన్న రోజు నుంచి మొదలు కావు, ఆ మోడల్‌కు ఆధారమైన ప్లాట్‌ఫామ్ విడుదలైనప్పటి నుంచి లెక్క. పాత స్టాకు చవకగా అమ్ముతుంటే అప్‌డేట్ల గడువు చూసుకోండి. 2023 జులైలో 16,499 రూపాయలకు వచ్చిన రెండో జియోబుక్ కిలో లోపు బరువుతో, సిమ్‌తో నడిచేలా ఉంది. పాఠాలు వినడానికి పర్లేదు. కానీ దాని లోపల ఉన్నది ఆండ్రాయిడ్ ఆధారిత జియోఓఎస్, 4 జీబీ ర్యామ్, 64 జీబీ ఈఎంఎంసీ. ఈ రెండింటిలోనూ టాలీ లాంటి విండోస్ సాఫ్ట్‌వేర్లు నేరుగా నడవవు. రెండో ప్రశ్న ముందే ఎందుకు అడగాలో ఇప్పుడు తెలుస్తుంది కదా.

పార్క్ లేన్‌కు వెళ్లేటప్పుడు

సికింద్రాబాద్‌లో కంప్యూటర్ అంటే పార్క్ లేన్, పార్క్ లేన్ అంటే చెనాయ్ ట్రేడ్ సెంటర్. అందరి నోట్లో సీటీసీ. ప్యారడైజ్ దగ్గర దిగి నడిస్తే చాలు, మౌస్ నుంచి మదర్‌బోర్డు దాకా అన్నీ దొరుకుతాయి. కంపెనీలు మూడు నాలుగేళ్లు వాడి వదిలేసిన బిజినెస్ ల్యాప్‌టాపులు రీఫర్బిష్డ్ పేరుతో ఇక్కడ సగం కంటే తక్కువకే వస్తాయి. థింక్‌ప్యాడ్, లాటిట్యూడ్, ఎలైట్‌బుక్ లాంటివి గట్టిగా కట్టినవి, కీబోర్డులు బాగుంటాయి. అదే డబ్బుకు వచ్చే కొత్త నాసిరకం మెషీన్ కంటే ఇవి చాలా మేలు. చిన్నమ్మకు రెండోసారి నేను కొన్నది ఇక్కడే. ఎనిమిదో తరం ఐ5, 8 జీబీ ర్యామ్, 256 జీబీ ఎస్ఎస్‌డీ, 14 అంగుళాలు. మౌస్‌తో కలిపి ఇరవై వేల లోపే అయింది. ఈసారి డబ్బు నాది.

అయితే ఇక్కడో పెద్ద మెలిక ఉంది. విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ మామూలు సపోర్ట్ 2025 అక్టోబరు 14తో ముగిసింది. విండోస్ 11 అధికారికంగా నడవాలంటే ఇంటెల్‌లో దాదాపుగా ఎనిమిదో తరం నుంచే, పైగా టీపీఎం 2.0 ఉండాలి. అందుకే ఆరు, ఏడో తరం మెషీన్లు మార్కెట్‌లో అంత చవకగా కనిపిస్తున్నాయి. వాటిలో అడ్డదారిలో విండోస్ 11 ఎక్కించి ఇచ్చేవాళ్లు ఉన్నారు. ఇవాళ నడుస్తుంది, రేపు ఏ అప్‌డేట్‌కు ఆగుతుందో చెప్పలేం. మీరైతే బాగుచేసుకుంటారు, చిన్నమ్మ ఏం చేస్తుంది? ఎనిమిదో తరానికి తగ్గకండి.

షాపులో ఇరవై నిమిషాలు సిగ్గుపడకుండా పరీక్షించండి. నోట్‌ప్యాడ్ తెరిచి ప్రతి కీ నొక్కండి. మూత నాలుగుసార్లు తెరిచి మూయండి, కీలు వదులుగా ఉంటే వద్దు. మీ ఫోన్ హాట్‌స్పాట్‌తో వైఫై, ఒక వీడియో కాల్‌తో కెమెరా, మైకు, స్పీకర్ చూసేయొచ్చు. విండోస్‌లోనే బ్యాటరీ రిపోర్ట్ వస్తుంది. అందులో డిజైన్ కెపాసిటీ, ఫుల్ ఛార్జ్ కెపాసిటీ అని రెండు అంకెలుంటాయి. రెండోది మొదటిదాంట్లో సగానికి పడిపోయి ఉంటే బ్యాటరీ మార్చి ఇవ్వమనండి, లేదా ధర తగ్గించమనండి. రీస్టార్ట్ చేసి బయోస్‌లోకి వెళ్లండి. పాత కంపెనీ పెట్టిన పాస్‌వర్డ్ అడిగితే ఆ పీస్ తీసుకోవద్దు. సెట్టింగ్స్‌లో విండోస్ యాక్టివేట్ అయి ఉందో లేదో చూడండి. ‘క్రాక్ వేసిస్తాం’ అంటే వద్దనండి. బిల్లు మీద సీరియల్ నంబరు, వారంటీ ఎన్ని నెలలు అన్నది రాయించుకోండి. జీఎస్టీ లేకుండా తక్కువకిస్తామంటే, రేపు చూపించడానికి మన చేతిలో కాగితం ఉండదని గుర్తుపెట్టుకోండి.

కొనడం సగం పనే

డబ్బా చేతిలో పెట్టి ‘ఆల్ ది బెస్ట్’ చెప్పి వచ్చేస్తే మళ్లీ బీరువాలోకే పోతుంది. మొదటి సాయంత్రం రెండు గంటలు కూర్చోండి.

అక్కర్లేని సాఫ్ట్‌వేర్లు తీసేయండి. కింద టాస్క్‌బార్ మీద వాళ్లు వాడే నాలుగైదు బొమ్మలే ఉంచండి. అక్షరాల సైజు పెంచండి. తెలుగు ఫొనెటిక్ కీబోర్డు విండోస్‌లోనే ఉంది, ఆన్ చేసి వాళ్ల పేరు వాళ్లచేతే కొట్టించండి. ఆ ఒక్క క్షణంలో భయం సగం పోతుంది. మెయిల్ ఐడీ వాళ్ల పేరు మీదే తెరవండి, మీది పెట్టకండి. పాస్‌వర్డు ఇంట్లో లెక్కల నోటుబుక్కులో రాసిపెట్టుకున్నా తప్పులేదు. రోజూ వాడేది స్టాండర్డ్ అకౌంటుగా ఉంచి, అడ్మిన్ అకౌంటు విడిగా పెట్టండి. ఏదిపడితే అది దానంతటదే ఎక్కదు. ఒక వైరు మౌస్ కొనివ్వండి. కొన్ని వందల ఖర్చే గానీ, కొత్తవాళ్లకు టచ్‌ప్యాడ్‌తో పడే తిప్పలన్నీ తప్పుతాయి.

మోసాల సంగతి కూడా ఆ రోజే చెప్పాలి. స్క్రీన్ మీద ‘మీ కంప్యూటర్‌లో వైరస్, ఈ నంబరుకు ఫోన్ చేయండి’ అని వస్తే అది అబద్ధం, మెషీన్ ఆపేయడమే మందు. మైక్రోసాఫ్ట్ వాళ్లమని, బ్యాంకు వాళ్లమని ఎవరు ఫోన్ చేసి రిమోట్ యాప్ వేసుకోమన్నా వేసుకోవద్దు. పొరపాటున డబ్బు పోతే ఆలస్యం చేయకుండా 1930కి ఫోన్ చేయాలి. ఈ నంబరు ఒక చీటీ మీద రాసి ల్యాప్‌టాప్ మూతకే అతికించండి.

ఎందుకింత పట్టింపు?

‘ఫోన్ ఉంది కదా, అన్నీ అందులోనే అవుతున్నాయి’ అనేవాళ్లున్నారు. నిజమే, పాఠాలు వినడం అవుతుంది. కానీ మన పిల్లలు ఫోన్‌లో చదివి, కంప్యూటర్ మీద పరీక్ష రాస్తున్నారు. తెలంగాణ ఎప్‌సెట్ కంప్యూటర్ మీదే. రైల్వే ఎన్టీపీసీ మొదటి దశ సీబీటీలో 100 ప్రశ్నలకు 90 నిమిషాలు, ఒక్కోదానికి 54 సెకన్లు. తప్పు జవాబుకు మూడో వంతు మార్కు కోత. క్లర్కు-టైపిస్టు పోస్టులకు ఆ తర్వాత నిమిషానికి 30 ఇంగ్లిష్ పదాల టైపింగ్ పరీక్ష. మౌస్ పట్టుకోవడం పరీక్ష హాల్లోనే మొదటిసారి అయితే ఆ 54 సెకన్లలో ఎన్ని పోతాయో ఆలోచించండి. అది తెలివికి సంబంధించిన తేడా కాదు, ఇంట్లో మెషీన్ ఉందా లేదా అన్న తేడా. 2017-18లో జరిగిన జాతీయ నమూనా సర్వే ప్రకారం దేశంలో కంప్యూటర్ ఉన్న ఇళ్లు 10.7 శాతమే. పట్టణాల్లో 23.4 శాతం, పల్లెల్లో 4.4 శాతం. ఆ కొద్ది ఇళ్లలో మాదీ ఒకటి. మా చిన్నమ్మ ఇల్లు కూడా లెక్కకు ఒకటే, కానీ మెషీన్ బీరువాలో ఉంది. ఉన్నా లేనట్టే.

రెండో ల్యాప్‌టాప్ వచ్చాక చెల్లె మొదట చేసిన పని టైపింగ్ ప్రాక్టీసు. టాలీప్రైమ్‌ను లైసెన్సు లేకుండానే ఎడ్యుకేషనల్ మోడ్‌లో నేర్చుకుంటోంది. 2025 ఆగస్టులో మొదలైన ఎన్టీపీసీ ఇంటర్ స్థాయి సీబీటీ రాయడానికి వెళ్లే ముందు రోజు కూడా మాక్ టెస్ట్ రాసింది. బయటికి వచ్చి నాకు ఫోన్ చేసి, ‘అన్నా, లెక్కలు కష్టం ఇచ్చిండ్రు గానీ మౌస్‌తో పరేషాన్ కాలే’ అంది. నాకది చాలు. చిన్నమ్మ సంఘం లెక్కలు ఇప్పుడు ఎక్సెల్‌లో రాస్తోంది. నోటుబుక్కు కూడా ఆపలేదు, అది వేరే సంగతి.

పాత ల్యాప్‌టాప్‌ను కూడా పారేయలేదు. విండోస్ తీసేసి ఉచితంగా దొరికే లినక్స్ మింట్ ఎక్కించాను. టైపింగ్ నేర్చుకోవడానికి పర్లేదు. బస్తీలో ఇద్దరు ఇంటర్ పిల్లలు వంతులవారీగా వాడుతున్నారు.

ఇది చదువుతున్న ఇంజినీర్లకు ఒక మాట. మీ ఇంట్లో ఎవరో ఒకరు మిమ్మల్ని త్వరలోనే ఈ ప్రశ్న అడుగుతారు. వాళ్లు మనల్ని అడిగేది లింకు కోసం కాదు, మన మీద నమ్మకంతో. వాళ్ల చేతిలో ఉన్న డబ్బు చిట్టీ ఎత్తిందో, పుస్తెలు కుదువపెట్టి తెచ్చిందో మనకు తెలియదు. ఒక గంట ఇవ్వండి. నాలుగు ప్రశ్నలు అడగండి. వీలైతే మీరే వెంట వెళ్లండి. మీరు వాడలేని మెషీన్‌ను వాళ్లకు చెప్పకండి.

కొత్తది ఇంటికి తెచ్చిన రోజు చిన్నమ్మ స్విచ్ ఎక్కడుందని అడగలేదు. టేపు తీసుకొచ్చి పొడవు, వెడల్పు కొలిచింది. పాత కవరు దీనికి చాలదట.